మన పూర్వు లెరుగని మిరపకాయ

ఆంధ్రుల భోజనమును గూర్చి ఇతరులు చెప్పునపుడు మొదట వచ్చు మాట కారము. మదురలో గాని, బెంగుళూరులో గాని, బరంపురములో గాని, షోలాపురములో గాని, యానాములో గాని తెలుగువారి విస్తరి ముందు ఒకమారు కూర్చున్నవారు ఈ మాట చెప్పక మానరు. మనమును దానిని నిందగా గాక బిరుదముగానే స్వీకరించుచున్నాము. మిరపకాయ మన తాతముత్తాతల నాటి సొత్తనియు, అది లేని తెలుగు వంట ఏనాడును లేదనియు మన దృఢవిశ్వాసము.

చరిత్ర చెప్పునది వేరు. 15వ శతాబ్దపు శ్రీనాథ మహాకవి మిరపకాయను ఎరుగడు. 1503 లో పరమపదించిన తాళ్లపాక అన్నమాచార్యులు దానిని రుచిచూచి యుండరు. విజయనగర సేనల వెంట 14వ శతాబ్దమున తమిళదేశమునకు తరలిపోయిన తెలుగు కుటుంబముల మూటలలో మిరపగింజ యొక్కటియు లేదు. అనగా మన సంఘములలో కొన్ని ఈ కాయకంటె ముందుగనే తమ నూతన వాసస్థానములను చేరినవి. వారు స్వదేశమునుండి వెంట తెచ్చుకొనిన కారము మిరపది కాదు.

ఈ సంగతి మొదట వినువారికి కొంత వెలితిగా తోచవచ్చును. అట్లు తోచనక్కర లేదని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. మిరపకాయ పరదేశపు వస్తువే యైనను, దానికి మనవారు పెట్టిన పేరు మాత్రము పదహారణాల తెలుగు. ఆ పేరులో వారు చెప్పిన నిజమును శరీరశాస్త్రము 20వ శతాబ్దము చివరకు గాని కనుగొనలేకపోయినది.

కాయ వచ్చిన త్రోవ

మిరప జన్మస్థానము అమెరికా ఖండము. ఈక్వడారు దేశమున పూర్వపు జనావాసములను త్రవ్వినపుడు దొరకిన కుండపెంకులకును, నూరుడురాళ్లకును అంటియున్న పిండికణములను సూక్ష్మదర్శినితో పరీక్షించి, దాదాపు 6,000 సంవత్సరములకు పూర్వమే అచటివారు మిరపను వంటలో వాడిరని 2007 లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంతకాలము ఆ కాయ సంగతి మన ఖండమునకు తెలియదు.

1492 లో కొలంబసు పడమటి సముద్రము దాటినది మన దేశపు మిరియములను, తక్కిన సుగంధద్రవ్యములను వెదకికొనుచు. ఆయనకు మిరియములు దొరకలేదు. అచటి జనులు అహీ అను పేర తినుచున్న ఒక కాయ దొరకినది. 1493 జనవరిలో తన దినచర్యయందు ఆ కాయను గూర్చి వ్రాయుచు, అది వారి మిరియమని పేర్కొనెను. మిరియమునకు స్పానిషు భాషలో పిమియెంతా యని పేరు. దానిని కొంచెము మార్చి కొత్తకాయను పిమియెంతో యనిరి. ఆంగ్లేయులు రెంటిని ఒక్క పెప్పర్ అను మాటతోనే పిలిచిరి. హంగేరీవారి పాప్రికా యను మాటయు లాటినులో మిరియమునకు గల పిపెర్ అను పేరునుండి పుట్టినదే. ఆ పిపెర్ అను పదమునకు మూలము మన పిప్పలి యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

1498 లో వాస్కో డ గామా కళ్లికోట రేవును చేరెను. 1510 లో గోవా పోర్చుగీసువారి వశమయ్యెను. అమెరికాయందు బ్రెజిలు తీరమును, ఇచట గోవా తీరమును వారి అధీనమున నుండుటచే రెండు ఖండముల మొక్కలు ఒకే జాతివారి ఓడలలో ప్రయాణము చేయసాగినవి. 16వ శతాబ్దమున మిరప మన పడమటి తీరమున దిగినది అట్లే. 1564 లో కీర్తిశేషులైన పురందరదాసుల కీర్తన యొకదానిలో దీని ప్రసక్తి కలదని ఆహారచరిత్ర వ్రాసినవారు చూపుచున్నారు. 1590 ప్రాంతమున అబుల్ ఫజల్ రచించిన ఐనీ అక్బరీలోని వంటకముల పట్టికలలో మిరియము కలదు గాని మిరపకాయ కానరాదు. కావున ఢిల్లీ, ఆగ్రా వంటశాలలకంటె దక్షిణాపథమే దీనిని ముందుగా ఆదరించినట్లు ఊహింపవచ్చును.

ఒక వింత యేమనగా, ఈ కాయ మన నేలయందు ఎంత త్వరగా వేళ్లూనినదనగా పాశ్చాత్య పండితులే భ్రమపడిరి. 1542 లో జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు లియొనార్డు ఫూక్సు మిరపకాయ బొమ్మను ముద్రించి, దానికి కళ్లికోట మిరియమని పేరుపెట్టెను. అది భారతదేశపు మొక్కయే యని ఆయన నమ్మకము. 1776 లో జాకిను అను మరియొక పండితుడు ఒక మిరప జాతి చీనాదేశమునుండి వచ్చినదనుకొని దానికి చీనా మిరప యను అర్థమిచ్చు లాటిను నామము నిచ్చెను. తప్పని తెలిసినను శాస్త్రగ్రంథములలో నేటికిని ఆ పేరే నిలిచియున్నది.

అంతకు ముందరి కారము

మిరప రాకముందు మన వంటలు చప్పిడివని తలపరాదు. మిరియము, పిప్పలి, అల్లము, శొంఠి, ఆవాలు, ఇవి ఆనాటి కారములు. వీనిలో మిరియమునకు అగ్రస్థానము. కాని అది మలబారు కొండల నీడలలో, అధికవర్షము గల చోట మాత్రమే పండునది. కృష్ణా గోదావరీ తీరములకు అది వర్తకుల ద్వారా రావలసినదే. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45 లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున సుంకము విధింపబడిన సరకుల పట్టిక యున్నది. చందనము, కర్పూరము, ముత్యములు, పట్టు, ఏనుగుదంతము మున్నగు విలువగల వస్తువుల సరసన మిరియములును ఆ పట్టికలో చోటు చేసికొన్నవి. అనగా ఆనాడు కారము కొనుక్కొనవలసిన వస్తువు, సుంకము చెల్లింపదగిన వస్తువు.

మిరప వచ్చి ఈ స్థితిని తారుమారు చేసినది. గుప్పెడు గింజలు పెరటిలో చల్లిన చాలును, కొన్ని నెలలలో చెట్టునిండ కాయ. కోసి ఎండబెట్టినచో సంవత్సరమంతయు నిలువయుండును. వర్తకునితో గాని రేవుతో గాని పనిలేదు. జొన్నసంకటి తినువానికిని, రాజుగారికిని ఒకే కారము లభించినది. ఇంత త్వరగా ఈ పరదేశి మన వంటయింటి దొర యగుటకు ముఖ్యకారణ మిదియే యని తోచుచున్నది.

పాత కారము పూర్తిగా పోలేదు. ఆచారము దానిని రెండు చోట్ల కాపాడినది. అనేక శ్రోత్రియ కుటుంబములలో శ్రాద్ధపు వంటలో మిరపకాయ వాడరు, మిరియమే వాడుదురు. పితృదేవత లెరిగిన కారము అదియే కదా! పూరీ జగన్నాథస్వామివారి మహాప్రసాదమున మిరపకాయకు ప్రవేశము లేదు. బంగాళాదుంపకును, టమాటాకును లేదు. ఈ మూడును సముద్రముమీద వచ్చినవే. ఒడిశాలోని మన తెలుగువారు ఆ ప్రసాదమును కన్నుల కద్దుకొని తినునపుడు, తెలియకయే మిరపకు ముందరి కాలపు రుచిని చూచుచున్నారు.

మన ఆవకాయను చూడుడు. ఆ పేరులో ఆవయు, కాయయు కలవు. మిరపమాట లేదు. నేడు ఎఱ్ఱని కారమే దానికి ప్రాణమైనను, పేరు మాత్రము ఆవపిండినే స్మరించుచున్నది. ఉగాది పచ్చడియందు కారమునకై కొందరు మిరియపుపొడిని, కొందరు పచ్చిమిరపను వేయుదురు. నాలుగైదు వందల యేండ్లనాడు జరిగిన మార్పు ఒక్క గిన్నెలో నేటికిని కనబడుచున్నది.

పేరు చెప్పు చరిత్ర

మనవారు కొత్తకాయను చూచి ఏమనిరి? మిరియమువలె కారముగా నున్న కాయ గనుక మిరియపు కాయ యనిరి. అదే వాడుకలో మిరపకాయ యైనది. తమిళులకు మిరియము మిళగు. కొత్తది మిళగాయ్. కన్నడిగులకు మిరియము మెణసు. కొత్తది మెణసినకాయి. మహారాష్ట్రులకు మిరియము మిరే. కొత్తది మిర్చీ. చిన్నదియు మిక్కిలి కారమైనదియు నగు రకమునకు వారు లవంగమును తలచి లవంగీ యని పేరిడిరి. మలయాళమున మరియొక విచిత్రము జరిగినది. ములకు అను పాతపేరును కొత్తకాయయే ఆక్రమింపగా, అసలు మిరియము కురుములకు, అనగా గింజ ములకు, అనిపించుకొనవలసి వచ్చినది. ఓఢ్రులు మిరియమును గోలమరిచ యనియు, మిరపకాయను లంకామరిచ యనియు అందురు. సముద్రము దాటి వచ్చినదను జ్ఞాపకము ఆ లంక శబ్దమున నిలిచినట్లున్నది. 1954 వరకు యానామును పాలించిన ఫ్రెంచివారు మిరియమును పువావ్ర్ అనియు, మిరపకాయను పిమాఁ అనియు వేర్వేరు మాటలతో పిలిచిరి. ఆ దొరల భాషలో తెగిపోయిన మిరియపు బంధుత్వము యానాము తెలుగువారి మాటలో చెక్కుచెదరలేదు.

మన సంఘములు నివసించు రాష్ట్రములన్నిటి భాషలలోను సాక్ష్యము ఒక్కటే. కొత్తకాయను పాత మిరియముతో పోల్చియే జనులు గుర్తించిరి. ఒకరిని చూచి ఒకరు పెట్టినవో, ఎవరికి వారే పెట్టుకొన్నవో గాని, అన్ని పేర్లును ఒక్క ఆలోచననుండి పుట్టినవే. శాసనములు లేని చోట, తాళపత్రములు మూగపోయిన చోట, ఇట్టి పేర్లే చరిత్రకు ఆధారములు.

శాస్త్రము చెప్పిన సాక్ష్యము

వృక్షశాస్త్రజ్ఞు డొకడు ఈ పేరును ఆక్షేపింపవచ్చును. మిరియము తీగకు కాయునది, తమలపాకు తీగకు జ్ఞాతి. మిరప వంకాయకును, టమాటాకును, బంగాళాదుంపకును చుట్టము. ఈ రెండు కుటుంబములకును దగ్గరి సంబంధము లేదు. ఆకులో గాని పూవులో గాని పోలిక లేదు. మిరియములోని కారపు పదార్థము పైపరీను. దానిని 1819 లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ వేరుచేసెను. మిరపలోని కారపు పదార్థము కాప్సైసిను. దీనికి 1876 లో థ్రెష్ అను ఆంగ్లేయుడు ఆ పేరు పెట్టెను. రెండును వేర్వేరు పదార్థములే. అట్లైన మన పూర్వులు పొరపడిరా?

పొరపడలేదు. 1997 లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు కారము సంగతిని తేల్చిరి. మన నోటియందును, చర్మమునందును గల నాడుల కొనలలో ద్వారము వంటి ప్రొటీను ఒకటి యున్నది. దానికి టి.ఆర్.పి.వి. 1 అని పేరు. అది సాధారణముగా మూయబడి యుండును. దాదాపు 43 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడి తగిలినపుడు తెరచుకొని, కాలుచున్నదని మెదడునకు వార్త పంపును. కాప్సైసిను ఏ వేడియు లేకయే ఈ ద్వారమును తెరచును. నోరు కాలకున్నను కాలినట్లే మెదడు భావించును. చెమట పట్టుట, ముక్కు కారుట, కన్నులు చెమ్మగిల్లుట, ఇవన్నియు లేని మంటను ఆర్పుటకు శరీరము పడు పాట్లే. ఈ పరిశోధనకు జూలియస్‌కు 2021 లో నోబెల్ బహుమానము వచ్చినది. స్పర్శజ్ఞానమును గూర్చి కృషిచేసిన ఆర్డెమ్ పటపూటియన్ దానిని ఆయనతో పంచుకొనెను.

కావున కారము, తీపి పులుపుల వంటి రుచి కాదని నేటి శాస్త్రము చెప్పును. అది నొప్పితోను, వేడితోను చేరిన అనుభూతి. కారము తగిలినపుడు నోరు మండినది అని మనము అలవాటుగా ననుచున్న మాటయే దీనికి సరియైన వర్ణన.

ఇక ముఖ్యాంశము. మిరియములోని పైపరీనుయు ఈ ద్వారమునే తెరచునని తరువాతి పరిశోధనలు స్థాపించినవి. కుటుంబములు వేరైనను, పదార్థములు వేరైనను, మన నాడులయందు ఆ రెండును తట్టు తలుపు ఒక్కటే. కంటికి కనబడు రూపమును వదలి, నాలుకకు తెలిసిన గుణమును పట్టుకొని మిరియపు కాయ యని పేరిడిన అజ్ఞాత గృహిణుల తీర్పు నాలుగు శతాబ్దముల పిమ్మట ప్రయోగశాలలో ఖాయమైనది. కొలంబసుయొక్క పోలికయు ఇట్లే నిజమైనది.

ఆవాల సంగతి వేరు. ఆవపిండి నూరినపుడు ముక్కుపుటముల కెక్కునది మరియొక ద్వారము పని. దానిని టి.ఆర్.పి.ఏ. 1 అందురు. ఆవనూనెయందలి ఘాటైన పదార్థము దానిమీద పనిచేయునని 2004 లో తెలిసినది. మనవారు ఆవకు ఘాటు అనియు, మిరపకు కారము అనియు చెప్పు వాడుకను ఇచట స్మరించుట అసందర్భము కాదు.

వంటయింటి సందేహములు కొన్ని

ఈ తెలివితో మన యిండ్లలోని కొన్ని వాడుకల కారణములును బోధపడును.

కారము తగ్గించుటకు మిరపగింజలు దులుపుట ఆచారము. నిజమునకు కారము పుట్టునది గింజలో కాదు. గింజలు అంటియుండు తెల్లని లోపలిపొరయే కాప్సైసినుకు పుట్టిల్లు. గింజకు దానినుండి అంటినదే కారము. గింజతోపాటు ఆ పొరయు పోవుటచే మన ఆచారము ఫలించుచున్నది.

నోరు మండినపుడు మంచినీరు త్రాగిన లాభము లేదు. కాప్సైసిను నీటిలో కరగదు. నేతిలోను, నూనెలోను కరగును. పాలలోను, పెరుగులోను గల కేసీను అను మాంసకృత్తు దానిని పట్టి తొలగించును. ఆవకాయ అన్నములో నేయి కలుపుటయు, చివరకు పెరుగన్నము తినుటయు రుచికొరకే కాదన్నమాట.

ఎఱ్ఱదనమంతయు కారమే యని పలువురి భ్రమ. రంగును ఇచ్చు పదార్థములు వేరు, కారమునిచ్చు పదార్థము వేరు. కర్ణాటకమున హావేరి జిల్లాలోని బ్యాడగి మిరప దీనికి నిదర్శనము. ముడుతలుపడి, గాఢమైన ఎఱుపుతో భయపెట్టునది యైనను కారము స్వల్పము. దానినుండి రంగు తీయుట పెద్ద పరిశ్రమ.

పెంపుడు చిలుకకు మిరపపండు పెట్టుట మనకు వేడుక. అది మండక తినుట చూచి పిల్లలు ఆశ్చర్యపడుదురు. పక్షుల నాడులయందును అట్టి ద్వారమే యున్నది గాని, కాప్సైసినుకు అది తెరచుకొనదని 2002 లో కోడియందు పరీక్షించి నిరూపించిరి. క్షీరజంతువులు గింజను నమలి పాడుచేయును. పక్షులు మ్రింగి, దూరముగా విసర్జించి మొలకకు సాయపడును. కావున జంతువులను తరిమి పక్షులను పిలుచుటకు మొక్క పన్నిన ఉపాయమే కారము. ఆ ఉపాయము మనుష్యునియెడ మాత్రము వికటించినది. తరుమవలసిన వాడే దానిని తలకెత్తుకొని ఖండఖండములకు మోసికొని పోయెను.

హంగేరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జీ సి విటమినును పరిశోధించుచు, తాను పనిచేయుచున్న సెగెడ్‌లో విరివిగా పండు పాప్రికా మిరపనుండియే దానిని విశేషముగా తీయగలిగెను. 1937 లో నోబెల్ బహుమానమును పొందెను. పచ్చిమిరపలో ఆ పోషకము మిక్కుటము. ఎండబెట్టినచో చాలభాగము నశించును.

మనకు చెందినది ఏది?

నేడు ఎండుమిరప పంటలో ప్రపంచమున భారతదేశమే అగ్రగామి. దేశమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు అందు ముఖ్యములు. విరుదునగరము, కోవిల్పట్టి ప్రాంతముల నల్లరేగడి నేలలలో తరతరములుగా సేద్యము చేయుచున్న తెలుగువారికిని మిరపపైరు సుపరిచితమే. ఐదువందల యేండ్లక్రింద పేరైన లేని వస్తువు ఒక జాతికి చిహ్నమైనది. ఇందు సిగ్గుపడవలసినది లేదు. అన్యదేశపు కాయను స్వీకరించి, నేలకు అలవరచి, వంటకు అనువుపరచి, తమ నుడికారమున పేరుపెట్టి పిల్లలకు అప్పగించుట జీవముగల జాతి లక్షణము.

దూరదేశములందున్న మన సంఘములలో ఒక విచారము తరచుగా వినబడుచుండును. మన వంటలో పొరుగువారి పదార్థములు చేరినవి, మన కట్టులో పొరుగువారి తీరు వచ్చినది, కావున మన తెలుగుదనము కరగుచున్నదని పెద్దలు చింతింతురు. మిరపకాయ చరిత్ర చూచినవారికి ఈ చింత సగము తీరును. వస్తువు ఎచటినుండి వచ్చినను నష్టము లేదు. వచ్చినదానికి మన భాషలో పేరుపెట్టు శక్తి పోయిననాడే నష్టము. ఆ విచారములో మిగిలిన సగము మాత్రము సత్యమైనది. పిల్లలకు వంట నిలిచి మాట పోవుచున్న యిండ్లు మనలో లేకపోలేదు. ఆ యిండ్లలో మిరపకాయ రుచి నిలుచును గాని, మిరియపు కాయ యని చెప్పిన ఆ పాత సాక్ష్యము నిలువదు.

కావున సంఘసభ్యులకు ఒక మనవి. మీ యింటి వృద్ధులను కూర్చుండబెట్టి, మిరియమును, మిరపకాయను, పిప్పలిని, ఆవపిండితోడి పచ్చళ్లను వారు ఏ పేర్లతో పిలిచెదరో, శ్రాద్ధపు వంటలోను, బాలింత పత్యములోను, జలుబుచేసినపుడు కాచు చారులోను ఏ కారము వాడెదరో అడిగి, వారి పలుకుబడిలోనే వ్రాసికొనుడు. మదుర జిల్లా యింటిలో ఒక రూపము, గంజాము జిల్లా యింటిలో మరియొక రూపము దొరకవచ్చును. ఆ భేదములే మన వలసల చరిత్రకు పనికివచ్చు సామగ్రి. మోటుపల్లి శాసనము రాతిమీద నున్నది గనుక నిలిచినది. ఈ మాటలు వృద్ధుల నోట నున్నవి. వ్రాసికొనుటకు వ్యవధి స్వల్పము.